మా గల్లీ జెండా పండుగ

ట్రైనింగ్ సెంటర్, హోషియార్‌పూర్ జిల్లా, పంజాబ్
మే నెల, ఆదివారం

బుల్లెమ్మత్తా, నమస్తే!

ఉత్తరం చూసి ఎవరికేమైందో అని గుండె పట్టుకోకు. ఎవరికేం కాలే. ఇక్కడ మా ఫోన్లన్నీ తీస్కొని బీరువల పెట్టి తాళమేసిన్రు. బార్డర్ పోలీసు కావాల్నంటే ముందుగాల ఫోన్ లేకుంట బతకాల్నట. అందుకే పెన్ను పట్టిన. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత రాసుడు ఇదే.

ఇంటికి గూడ రాసిన గాని, అమ్మకు రాసిన దాంట్ల "మంచిగున్న, మంచిగ తింటున్న" అని రెండే ముక్కలున్నయ్. అసలు ముచ్చట్లన్నీ నీకే. పక్కింట్లనే ఉంటవ్ గదా, ఏది చెప్పాల్నో ఏది మింగాల్నో చూసి అమ్మకు నువ్వే చెప్పు.

జుట్టు కత్తిరించిన్రు. అద్దంల చూస్కుంటే మా నాయిన బాలరాజ్ కనిపిస్తున్నడు, మీసాలొక్కటే తక్కువ. పొద్దున రొట్టె, పగటీలి రొట్టె, రాత్రికి మళ్ల రొట్టె. అన్నం పెట్టిన్నాడు మేం సౌత్ పిల్లలం లైన్ల ఒకళ్ల కాళ్లు ఒకళ్లం తొక్కుకుంటున్నం. మొన్న కలల నీ పెసరట్టు కనిపించింది. లేచి సెల్యూట్ కొట్టిన.

నా పక్క మంచం పిల్ల పేరు రిన్పుయి. మిజోరం పిల్ల. ఆమెకు హిందీ నా అంతే వస్తది, అంటే రాదు. ఇద్దరం కలిసి హిందీ మాట్లాడుకుంటుంటే మా ఉస్తాద్ చెవులు మూస్కుంటడు. ఉస్తాద్ అంటే మాకు డ్రిల్ నేర్పే సారు.

గా ఉస్తాదే మొదటి వారం అందర్ని నిలబెట్టి "ఎందుకొచ్చిన్రు?" అని అడిగిండు. అందరు "దేశ్ సేవా, సర్!" అన్నరు. నా దాక వచ్చేసరికి నోట్లకెళ్లి నిజం జారిపడ్డది. "సర్, మా గల్లీల పొద్దుగాల ఉరుకుతుంటే అందరు నవ్విన్రు. యూనిఫాం ఏస్కొని అదే గల్లీల ఉరుకుదామని వచ్చిన" అన్న. గ్రౌండ్ అంత పగలబడి నవ్విన్రు. ఉస్తాద్ గూడ మీసం కింద నవ్విండు. నవ్వుకుంటనే గ్రౌండ్ చుట్టు ఉరికిచ్చిండు. తర్వాత పిలిచి "కండ్లు మూస్కొని దేశాన్ని తల్చుకో" అన్నడు. మూసిన. నాకు మ్యాపు రాలే అత్తా. మన మైసమ్మ గల్లీ వచ్చింది. ఫ్యాక్టరీ గాలి వాసన, పాశమైలారం షిఫ్టు బస్సు హారన్, నీ పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు. గిదే దేశమా అని కండ్లు తెరిచిన. ఇంకేమన్న రావాల్నా అత్తా? నీకేమొస్తది, రాయి.

మిగతాదంత మంచిగనే ఉన్నది. గోడ ఒక్కటున్నది గాని, దాని ముచ్చట మళ్ల చెప్త.

నీ రవళి


మైసమ్మ గల్లీ, పటాన్‌చెరు
జూన్ నెలాఖరు

అమ్మడూ రవళీ,

గుండె పట్టుకోవద్దని లోపల రాస్తే ఎలాగే? కవరు మీద రాయాలి! పోస్టుమాన్ ఇవ్వగానే నేను గుండె పట్టుకున్నాను, మీ మావయ్య నన్ను పట్టుకున్నారు, పిండి గిన్నె ఎవరూ పట్టుకోలేదు. గుమ్మంలో పెసరపిండి ఏరులై పారింది.

నీ జుట్టు సంగతి మీ అమ్మకి చెప్పలేదు. రొట్టెల సంగతి చెప్పాను. "అయ్యో బిడ్డ" అని కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇక్కడ పెద్ద గొడవే నడుస్తోంది. మన గల్లీ చివర ఖాళీ జాగాలో ఏటా జెండా పండుగ చేసుకునేవాళ్ళమా, ఆ జాగాలో లేచిన అపార్ట్‌మెంటుకి ఇప్పుడు ప్రహరీ కట్టి గేటు పెట్టేశారు. ఆగస్టు పదిహేను సంగతి అడుగుదామని మీ మావయ్య వెళ్తే "ఇది ఇక్కడి ఫ్లాట్ల వాళ్ళకే సార్" అన్నాట్ట వాచ్‌మన్. "దేశానికి కూడా గేటు పెట్టారేంటయ్యా" అని ఈయన అక్కడే ఉపన్యాసం మొదలెట్టారు. వాచ్‌మన్ పాపం కూర్చోమని కుర్చీ వేశాడు.

సరే, గల్లీలోనే మనం ఎగరేసుకుందామని నా టిఫిన్ బండి దగ్గర మీటింగు పెట్టాం. జైపాల్ వచ్చాడు. తన ఇంటి మూడంతస్తుల్లోనూ గదులు వేసి ఫ్యాక్టరీ కూలీలకి అద్దెకిచ్చుకుంటున్నాడు కదా, మాటలో ఆ మూడంతస్తులూ వినబడతాయి. "స్తంభం నేనిస్త, దిమ్మె నేను కట్టిస్త, జెండా నేను ఎగరేస్త. కుర్చీలు ఓనర్లకు. కిరాయోళ్లు ఎనక నిలబడాలె" అన్నాడు. అతని గదుల్లో ఉండే బీహారు సునీతా, ఒడిశా కుర్రాళ్ళూ ఓ పక్కన నిలబడి వింటున్నారు. ఏం అర్థమైందో గానీ రెండడుగులు వెనక్కి జరిగారు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. అట్లకాడ పట్టుకుని లేచాను.

"జైపాలూ, వీళ్ళే లేకపోతే నీ మూడంతస్తులూ పావురాలకి అద్దెకివ్వాలి!"

అందరూ నవ్వారు. అతనికి రోషం వచ్చింది. "మీరు గూడ బయటినుంచి వచ్చినోళ్లే గదా బుల్లెమ్మగారు" అన్నాడు.

అట్లకాడ దింపి మళ్ళీ పెనం ముందు కూర్చున్నాను. ఈయనకి ఇక్కడి కంపెనీలో ఉద్యోగమని కొత్త పెళ్ళికూతురిగా అమలాపురం నుంచి వచ్చాను. జుట్టు ఇక్కడే నెరిసింది. అక్కడికెళ్తే హైదరాబాదోళ్ళు వచ్చారంటారు. ఇక్కడేమో ఇదీ. ఇంతకీ నేనెక్కడిదాన్నని ఆలోచిస్తుంటే పెనం మీద అట్టు మాడిపోయింది. తినేవాడు అరిచాడు. ఆలోచన ఆపేశాను.

అప్పుడు లేచింది ఎవరనుకున్నావు? మీ అమ్మ! పది మందిలో పెదవి విప్పని మొగులమ్మ! "ఆమె అట్లు తినేటప్పుడు అడగకపోతివి గదా జైపాల్, ఏడికెళ్లి వచ్చినవని" అంది. అని, కూర్చుంది. అంతే. జైపాల్ చేతిలో అప్పుడు నా అట్టే ఉంది.

మీటింగు వాయిదా పడింది. మీ మావయ్య వచ్చే నెలలో ఓసారి అమలాపురం వెళ్తారు. ఏదో పనిట.

గోడేంటి? దాచకు.

నీ బుల్లెమ్మత్త


ట్రైనింగ్ సెంటర్, పంజాబ్
జూలై

అత్తా,

మా అమ్మ లేచి మాట్లాడిందా! నీ ఉత్తరం మా బ్యారక్‌ల నిలబడి చదివిన. తెలుగు రానోళ్లకు హిందీల చెప్పిన, హిందీ రాని రిన్పుయికి చేతుల్తోని చెప్పిన. జైపాల్ చేతిల అట్టు ముచ్చట కాడ అందరు మంచాల మీద పడి దొర్లిన్రు.

కని అత్తా, "ఏదో పనిట" అని నువ్వు గంత చిన్నగ రాస్తవా? మామ చెప్పు తెగితే గూడ నువ్వు పేజీ రాస్తవ్. ఏదో దాస్తున్నవ్.

జెండాకు ముడి ఎట్లెయ్యాల్నో మాకు నేర్పిన్రు, రాస్కో. జెండాను పొడుగ్గ మడత పెట్టి, లోపల ఆరిన పూలరెక్కలు పోసి చుట్టాలె. తాడు కొసను ఒక్కటే మలుపు తిప్పి, ఉచ్చు లెక్క లోపలికి గుచ్చాలె. గుంజితే వదులు కావాలె. మామ బలంగ ఉండాలని రెండు మలుపులు తిప్పుతడు, నాకెరుకే. గట్ల తిప్పితే ఆగస్టు పదిహేనుకు మొదలువెట్టి జనవరి ఇరవై ఆరు దాక గుంజాల్సిందే.

ఇగ గోడ. ఆడపిల్లలు ఉరికొచ్చి దూకాల్సిన గోడ అది. నేను ఉరుకుడుల అందరికన్న ముందుంట. గోడ కాడికొచ్చి ఆగిపోత. చేతులు పైకి అందుతయ్, ఒళ్లు లేవది. బల్లి లెక్క అతుక్కొని కిందికి జారుత. మోచేతులు రెండు చెక్కుకపోయినయ్. మొదట్ల అందరు నవ్వుతుండె, నేను గూడ నవ్విన. ఇప్పుడు ఎవ్వరు నవ్వుతలేరు. గదే మస్తు భయమైతున్నది. వచ్చే నెలాఖరు వరకు దూకకపోతే ఎనక బ్యాచ్‌ల కలుపుతరు. అప్పుడు గూడ కాకపోతే ఇంటికే.

నిన్న బ్యాగు తీసి బట్టలు సర్దిన. మళ్ల తీసిన. మళ్ల సర్దిన. మంచి డ్రిల్లయింది.

అమ్మకు చెప్పకు. నాయినకు అసలే చెప్పకు.

రవళి


మైసమ్మ గల్లీ, పటాన్‌చెరు
జూలై చివర్లో

ఒసేయ్ రవళీ,

బ్యాగు మంచం కింద తోసేసి ఇది చదువు.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్తున్నాను. మీ మావయ్య ఈ ఇల్లు అమ్మేసి అమలాపురంలో స్థిరపడిపోదామంటున్నారు. కాలవ గట్టున ఏదో ఇల్లు చూసొచ్చారు, అది ఖాయం చేసుకోడానికి వచ్చే నెల మళ్ళీ వెళ్తారుట. ఆ రోజు జైపాల్ అన్న మాట ఈయన మనసులో ముల్లులా దిగిపోయింది. "మనది కాని చోట ఎన్నాళ్ళుంటామే, మనూరు పోదాం" అంటారు. నేను పచ్చడి రుబ్బుతూ కూర్చున్నాను. రుబ్బి రుబ్బి పచ్చడి పూతమందులా తయారైంది.

నాకు వెళ్ళాలని లేదే. పొద్దున్నే మీ నాన్న షిఫ్టుకి వెళ్తూ సైకిలు బెల్లు కొట్టకపోతే నాకు తెల్లారినట్టుండదు. సునీతా నా దగ్గర అట్టు తిప్పడం నేర్చుకుంటోంది. దానికి అట్టు గుండ్రంగా రావట్లేదు, బీహారు ఆకారంలో వస్తోందని ఏడిపిస్తుంటాను. దాన్ని సగంలో వదిలేసి పోనా? దేశమంటే నాకేమొస్తుందని అడిగావు కదా. ఇదిగో, ఇవే వచ్చాయి.

కాబట్టి మనిద్దరికీ ఒప్పందం. నువ్వు ఆ గోడ దూకు. నేను ఈయన్ని ఆపుతాను. ఎలా ఆపుతానని అడక్కు, నాకూ తెలీదు. నీకు మటుకు గోడెలా దూకాలో తెలుసా ఏం?

సరేనా? సరే అని రాయి.

బుల్లెమ్మత్త


ట్రైనింగ్ సెంటర్, పంజాబ్
ఆగస్టు మొదటి వారం

సరే.

నువ్వు పోతే మా గల్లీకి పొద్దున లేచుడే బందైతది. మామకు చెప్పు, నేను యూనిఫాంల వచ్చిన్నాడు ఆయన ఇంట్ల లేకపోతే అరెస్టు చేస్తనని.

రవళి


మైసమ్మ గల్లీ, పటాన్‌చెరు
ఆగస్టు పదహారు

నా బంగారుతల్లీ,

ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియట్లేదు. చేతులకి ఇంకా బంతిపూల వాసనే ఉంది.

పధ్నాలుగో తారీకు సాయంత్రం మళ్ళీ మీటింగు. జెండా నేనెగరేస్తానంటే నేనెగరేస్తానని గల్లీలో సగం మంది లేచారు. జైపాల్ గొంతు పోయింది. సరిగ్గా ఆ మధ్యలోకి ఆటో వచ్చి ఆగింది, అమలాపురం నుంచి మీ మావయ్య దిగారు. మొహం కందగడ్డలా ఉంది. మంచినీళ్ళిచ్చి "ఇల్లు ఖాయమైందా" అన్నాను.

"ఏం ఇల్లే! అక్కడ బస్టాండులో ఆటో ఎక్కి, జెర జల్దీ పోనీయ్ భాయ్ అన్నాను. వాడు నన్ను కిందికీ మీదకీ చూసి, మీదేవూరండీ, ఆయ్, అన్నాడు! నేను పుట్టిన ఊళ్ళో!"

గల్లీ అంతా చుట్టూ మూగింది. ఈయన ఆగలేదు. చేపల దగ్గర "ఎట్లిచ్చినవమ్మా" అన్నార్ట. ఆవిడ పక్కావిడతో "హైదరాబాదోళ్ళొచ్చారే, ధర చూసి చెప్పు" అందిట. కూడా చదువుకున్న స్నేహితుడింటికెళ్ళి "మస్తు పరేషానైందిరా" అంటే, ఆయన భార్యని పిలిచి "ఏదో ఒంట్లో బాలేదంట, మజ్జిగియ్యి" అన్నాట్ట!

రవళీ, ముందు నవ్విందెవరో తెలీదు. నవ్వులు మేడల మీద దాకా పాకిపోయాయి. జైపాల్ పోయిన గొంతుతో ఎలా నవ్వాడో దేవుడికే తెలియాలి. వచ్చి ఈయన భుజమ్మీద చెయ్యేశాడు. "సూర్యారావు సార్, నేనేదో నోరు జారిన, మనసుల పెట్టుకున్నరా? మీరు పోతే నాకు మాట్లాడనీకి కొట్లాడనీకి ఎవరుంటరు?" అన్నాడు. ఈయన ఇంకా బిగుసుకునే ఉన్నారు.

అప్పుడు జైపాలే అందరికేసీ తిరిగాడు. "ఇగ లొల్లి బంద్. ఈ గల్లీకెళ్లి బార్డర్‌కు బిడ్డను పంపింది ఎవరు? మొగులమ్మక్క. ఆమె ఎగరేస్తే ఎవ్వరికన్న అభ్యంతరమున్నదా?" అందరూ చప్పట్లు కొట్టారు. మీ అమ్మ మాత్రం "నాతోని కాదు, నాకు రాదు" అంటూ మీ ఇంట్లోకి పరిగెట్టి గడియ పెట్టుకుంది. మీ నాన్న బయట నిలబడి బతిమాలాడు. తలుపు తీయించడానికి నీ ముడి సంగతి నేను కిటికీలోంచి చదివి వినిపించాల్సొచ్చింది.

తెల్లారింది. మీ అమ్మ పెళ్ళినాటి జరీ చీర కట్టుకొచ్చింది. ముడి ఒడిశా కుర్రాళ్ళు వేశారు. మీ మావయ్య రెండో మలుపు తిప్పబోతే చేతి మీద ఒక్కటిచ్చాను. కుర్చీల దగ్గర సునీతా, ఆ గదుల ఆడవాళ్ళూ తెలీక ముందు వరసలోనే కూర్చున్నారు. జైపాల్ నోరు తెరిచాడు. మూశాడు. తెల్లచొక్కా సవరించుకుని వెళ్ళి వెనక నిలబడ్డాడు.

మీ అమ్మ తాడు పట్టుకుంది. కళ్ళు మూసుకుని ఒక్కటి లాగింది. ఫట్టుమని విచ్చుకుందే! బంతిరెక్కలన్నీ గాలికి వెళ్ళి జైపాల్ నెత్తి మీద పడ్డాయి. పెళ్ళికొడుకులా నిలబడిపోయాడు. మీ అమ్మకి సెల్యూట్ చెయ్యాలో దణ్ణం పెట్టాలో తెలియక రెండూ చేసింది.

జాతీయగీతానికి సరిగ్గా కరెంటు పోయింది. పాట వేసే పెట్టె మూగబోయింది. "మనమే పాడదాం" అన్నాడు మీ నాన్న. పాడాం. తలా ఓ శ్రుతి. వాళ్ళ ప్రాంతం పేరు రాగానే ఒడిశా కుర్రాళ్ళు ఆకాశం పగిలేట్టు అరిచారు. గుజరాతీ కిరాణా కొట్టాయన తన వంతు రాగానే చేతులెత్తాడు. మన వంతు వచ్చేసరికి జైపాలూ మీ మావయ్యా పోటీపడి ఒకర్ని మించి ఒకరు కేకలు. అయ్యాక సునీతా మూతి ముడుచుకుంది. "హమారా బీహార్ కహాఁ హై?" అంటుంది. గంగ ఉంది కదే, అదంతా మీదే తీసుకో అన్నాను. లెక్క సరిపోయిందంది.

తర్వాత మీ మావయ్య మాట్లాడారు. మైకు లేదు, ఆయనకి అవసరమూ లేదు. స్వాతంత్ర్యం, త్యాగం, అన్నీ అయ్యాయి. చివర్న "అమలాపురం వాళ్ళకేం తెలుసండీ, మా పటాన్‌చెరులో అయితేనా..." అని, టక్కున ఆగిపోయారు. నాకేసి చూశారు. నేను నేల చూపులు చూశాను, నవ్వు ఆపుకోడానికి. మధ్యాహ్నం భోజనం దగ్గర "ఆ కాలవ గట్టు ఇంటికి దోమలెక్కువే" అన్నారు. అంతే. ఆ మాట మళ్ళీ రాలేదు.

చూశావా, నేనేం చెయ్యలేదు. ఆయనంతట ఆయనే ఆగారు. అయినా ఒప్పందం ఒప్పందమే. నా వైపు అయిపోయింది. ఇప్పుడు నీ వంతు.

నీ అత్త


ట్రైనింగ్ సెంటర్, పంజాబ్
సెప్టెంబర్

అత్తా! అత్తా! అత్తా!

దూకిన!

చెప్త ఆగు. నీ ఉత్తరం పరీక్షకు ముందునాడు వచ్చింది. అమ్మ రెండూ చేసిందన్న కాడ నేను నవ్వుకుంట ఏడ్సిన, ఏడ్సుకుంట నవ్విన. రిన్పుయి భయపడి నీళ్లు తెచ్చింది. ముచ్చట చెప్పిన. ఆమె నా చెయ్యి పట్టుకొని గోడ కాడికి గుంజుకపోయింది. చేతులతోని గాదు అన్నది. కాలు చూపించింది. ఉరికొచ్చిన ఊపుల గోడ నడిమిట్ల కాలు తన్నాల్నట, ఆ తన్నుడే మనిషిని పైకి లేపుతదట. ఇన్ని దినాలు నేను గోడ కాడికొచ్చి, ఊపంత ఆపుకొని, అప్పుడు ఎగురుతున్న. ఉస్తాద్ గూడ గదే చెప్పిండట మొదటినుంచి. హిందీల చెప్పిండు! నాకు "దీవార్" అంటే గోడ అని ఒక్కటే అర్థమైంది.

తెల్లారి నా వంతు వచ్చింది. ఉరికిన. ఎనకనుంచి రిన్పుయి వాళ్ల భాషల ఏందో అరిచింది. తన్నిన. ఏమైందో తెల్వదు, గోడ మీద ఉన్న! పైకెళ్లి చూస్తే పంజాబ్ అంత కనిపించింది. గోధుమ చేన్లు లేవు ఇప్పుడు, అంత వరి. మన దిక్కు లెక్కనే. చూస్కుంట కూసున్న. "ఉతరో!" అని ఉస్తాద్ అరుస్తున్నడు. దిగిన, అంటే పడ్డ. నా ఎనకాల్నే దూకిన రిన్పుయి నా మీద పడ్డది. ఇద్దరం బురదల దొర్లి నవ్వుతుంటే, గోడ దూకినందుకు శభాష్ అని, క్రమశిక్షణ లేనందుకు గ్రౌండ్ చుట్టు ఉరుకుమని, రెండూ ఒక్క ఊపిరిల అన్నడు ఉస్తాద్.

ఉరికినం. రిన్పుయి ఏమని అరిచిందో ఉరుక్కుంటనే అడిగిన. "నీకు దూకొస్తే నీ అత్త దోసె నాకు పెట్టియ్యాలె" అన్నదట. దోసె గాదు, పెసరట్టు అన్న.

అమ్మకు చెప్పు. అన్నీ చెప్పు. గోడ ముచ్చట, మోచేతుల ముచ్చట, జుట్టు ముచ్చట గూడ.

రవళి


బార్డర్ పోస్టు, పంజాబ్
మార్చి

అత్తా,

ఇప్పుడు ఫోన్ ఉన్నది. అయినా ఉత్తరమే రాస్తున్న. ఫోన్‌ల నువ్వు నన్ను మాట్లాడనియ్యవు.

మీరంత రైలెక్కి నా పాసింగ్ ఔట్ పరేడ్‌కు వచ్చిన సంబరం నాకింక దిగలే. చప్పుడు చెయ్యొద్దన్న కాడ నాయిన ఈలేసిండు. అమ్మ నా టోపీ తన నెత్తి మీద పెట్టుకొని ఫొటో దిగింది. మామ మా పెద్దసారుతోని హిందీల మాట్లాడిండు, అంటే తెలుగులనే గట్టిగ మాట్లాడిండు. సారు ఇప్పటికీ అడుగుతున్నడు, ఆయనేమన్నడని.

నిన్న నాకు ముళ్లకంచె కాడ మొదటి డ్యూటీ. పొద్దుగాల మంచు ఎట్లున్నదంటే, నా చెయ్యి నాకే కనిపించలే. నా తోటి కానిస్టేబుల్ హర్జీత్ ఈడి పంజాబీ పిల్లనే. తుపాకి పట్టుకొని ఇద్దరం బిగుసుక నిలబడ్డం. మస్తు గర్వమైంది, జెర భయమైంది, ముక్కు కారుతున్నది, తుడుచుకోరాదు.

గప్పుడు మంచులకెళ్లి ఒక ఆడమనిషి గొంతు వినబడ్డది. ఎవరినో తిడుతున్నది. మస్తు తిడుతున్నది. నేను ఏమంటున్నదని సైగ చేసిన. హర్జీత్ చెవి పెట్టి విని, మెల్లగ చెప్పింది. మొగుడు బర్రెను సరిగ్గ కట్టలేదట. అది పోయి పక్కోళ్ల చేన్ల పడి మేసిందట. "ఇప్పుడు నేను వాళ్లకు మొఖమెట్ల చూపాలె, నువ్వు మాత్రం కూసోని చాయ్ తాగు" అంటున్నదట. నాకు నవ్వాగలే. హర్జీత్‌కు గూడ ఆగలే. మా ఊరి ఆడోళ్లు గిట్లనే అన్నది ఆమె. మా గల్లీల గూడ అన్న నేను. ఇద్దరం మూతులు మూస్కొని కడుపులు పట్టుకున్నం.

ఎండొచ్చింది. మంచు లేచింది. చూస్తే మన దిక్కు చేన్ల ఎవ్వరు లేరు. ఆమె కంచెకు అవతల ఉన్నది. ఎర్ర ఓణీ, చేతిల కట్టె, ముంగట తలొంచుకున్న మొగుడు, ఏం ఎరుగనట్టు నిలబడ్డ బర్రె.

నవ్వు ఆపాల్నా వద్దా అని హర్జీత్ నా దిక్కు చూసింది. నేను ఆమె దిక్కు చూసిన. నిలబడ్డం సక్కగ, తుపాకి సక్కగ, కండ్లు సక్కగ ముంగటికి.

నవ్వు మాత్రం ఆపలే అత్తా.

రవళి